కంపలు కప్పని పొద్దు

పోయిన నెల మా ఊరి బడిలో పక్షుల మీటింగు జరిగింది. మదనపల్లె నుంచి నలుగురు కాలేజీ పిల్లలు, వాళ్ల వెంట అటవీ శాఖలో పనిచేసే ఒకాయన వచ్చారు. ఊరి వెనక గుట్ట మీద ఒక జత తెల్ల రాబందులు కనిపిస్తున్నాయట. అవి గూడు కట్టి పిల్లలు చేసేదాకా ఆ పక్క బండలు పేల్చవద్దన్నారు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే ఒక ఇంజక్షన్ మానమన్నారు. ఆ ఇంజక్షన్ పడిన పశువు చచ్చాక, దాన్ని తిన్న రాబందు బతకదట. ఊరివాళ్లు బాగానే విన్నారు. టీ, బొరుగుల మిక్చరు పంచారు.

చివర్లో నోటుపుస్తకం పట్టుకున్న ఒకమ్మాయి లేచి, "ఒకప్పుడు ఈ గుట్ట నిండా పెద్ద రాబందులు ఉండేవట కదా, అవి ఎలా పోయాయో ఎవరైనా చెప్తారా?" అని అడిగింది.

ముందు కుర్చీలో కూర్చున్న పెద్దాయన, ఒకప్పుడు ఊరికి సర్పంచిగా చేసిన మనిషి, చేతికర్ర నేలకు ఆనించి అన్నాడు: "యాడికి పోతాయమ్మా అవి. ఇసం తిని సచ్చినాయి. ఈడ తోళ్లు తీసేవాడొకడు ఉండె. తోలు కోసరం ఆవుకు ఇసం పెట్టె. ఆ ఆవును పీక్కతిని అన్నీ పాయ."

"ఆయన పేరు తెలుసా తాతా?"

చెప్పాడు. అమ్మాయి రాసుకుంది. బడి పిల్లలకు పంచడానికి చిన్న పుస్తకం వేస్తున్నామనీ, అందులో ఈ గుట్ట పాత సంగతులకు ఒక పేజీ ఉంచామనీ చెప్పింది.

నేను మూడో వరుసలో ఉన్నాను. చేతిలో టీ చల్లబడి పైన మీగడ కట్టింది. లేచి "అది అబద్ధం" అనడానికి ఒక్క నిమిషం చాలు. అనలేదు. నలభై ఏళ్ల కింద కూడా ఇలాగే నోరు మూసుకున్నాను. అప్పుడు పదకొండేళ్లవాణ్ణని సర్దిచెప్పుకోవచ్చు. ఈసారి మౌనానికి ఆ సాకు కూడా లేదు. ఆ పుస్తకం అచ్చుకు పోకముందే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మాది తంబళ్లపల్లె పక్క మెట్ట ఊరు. చెనిక్కాయ అనే వేరుశనగ, కొర్ర, ఉలవ, గొర్రెలు. ఊరికి పడమట గుట్ట. గుట్టను కత్తితో నిలువుగా కోసినట్టు ఒక పెద్ద బండ ముఖం. దాని మీద పైనుంచి కిందికి తెల్లటి చారలు. రాబందుల రెట్ట అది. బస్సు దిగిన కొత్తవాళ్లు గుట్టకు సున్నం ఎవరు కొట్టారని అడిగేవాళ్లు. "మా ఊరి అల్లుళ్లు" అనేది మా అవ్వ. పనీపాటా లేకుండా ఎత్తున కూర్చుని, భోజనం ఉన్నప్పుడే కిందికి దిగుతారు కాబట్టి ఆమె లెక్కలో అవి అల్లుళ్లు.

గుట్ట కింద చదునైన ఒక పరుపు బండ ఉంది. ఊళ్లో పశువు చస్తే అక్కడికి చేర్చేవాళ్లు. చేర్చడం, తోలు తీయడం తరతరాలుగా ఒకే ఇంటి పని. ఆ ఇంటి పెద్దను ఊరంతా పేరుపెట్టి "రారా, పోరా" అనే పిలిచేది. నేనూ అంతే. ఆయన మా నాయన కంటే పెద్ద. నన్ను మాత్రం "సిన్నప్పా" అనేవాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే నేను పిలిచిన తీరే నా చెవిలో వినిపిస్తుంది. బండ పెద్దాయన అంటాను.

ఆయన పనిచేస్తుంటే చూడడానికి పిల్లలం దొంగతనంగా పోయేవాళ్లం. గాలి ఎటు వీస్తోందో చూసి కూర్చోవాలని నేర్పింది ఆయనే. ఆకాశంలో మొదట ఏమీ కనిపించేది కాదు. "కాసుకోండి. ముందర కాకి సూస్తాది. కాకిని తెల్లది సూస్తాది. తెల్లదాన్ని పైన యాడో ఉండే పెద్దది సూస్తాది. పెండ్లి బోజనానికి మనుషులు గూడా అంతే గదా సిన్నప్పా, ఒకర్ని సూసి ఒకరు" అనేవాడు. ఆయన చెప్పిన వరసలోనే జరిగేది. ఉన్నట్టుండి నెత్తిమీద కొత్త ఈతచాపను గట్టిగా దులిపినట్టు చప్పుడు. అప్పుడాయన కత్తి తుడుచుకుని లేచేవాడు. "దొరలు దిగతాండారు, జరగండప్పా, జరగండి." అవి తిని లేచేదాకా ఎవరూ దగ్గరికి పోకూడదు. సాయంత్రానికి బండ మీద ఎముకలు మిగిలేవి, కడిగిపెట్టినట్టు. చచ్చిన పశువు కంపు ఎలా ఉంటుందో పదకొండేళ్లు వచ్చేదాకా నాకు తెలియదు.

మేము తువ్వాళ్లు భుజాన కప్పుకుని, మెడ ముందుకు చాచి, రాబందుల్లా ఎగిరెగిరి నడిచేవాళ్లం. రాలిన ఈకలు ఏరి, మొన చెక్కి, సిరాలో ముంచి బడిలో రాసేవాళ్లం. "రాబందు ఈకతో రాస్తే రాబందు గీరినట్టే ఉంటాది రా" అని అయ్యవారు ఆ ఈకతోనే చెవిలో గుచ్చేవాడు.

ఆ ఏడు చలి గట్టిగా ఉంది. చెనిక్కాయలు పీకడం అయిపోయి, చిక్కుడు జాతి అనపకాయల కాలం వచ్చింది. అనపకాయ వాసన తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లకు ఎలా చెప్పాలో నాకు రాదు. కోసిన చేతులకు జిడ్డుగా పట్టుకుని, కడిగినా పోదు. మా అవ్వ రాత్రి నానబెట్టిన గింజలను పొద్దున్నే అరుగు మీద కూర్చుని, బొటనవేలితో ఒక్కొక్కటే పితికేది. పప్పు గిన్నెలోకి ఎగిరి పడేది, పొట్టు ఆమె వేళ్లకు మిగిలేది. పితికిపప్పు కూర, రాగి సంకటి. ఆ కాలమంతా మా ఇంట్లో వేరే వంట లేదు, ఎవరూ అడగలేదు కూడా.

ఆ చలిలోనే ఒక తోడేలు గొర్రె రుచి మరిగింది. మా మందలో నాలుగు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయింది. మా నాయన అన్నం దగ్గర కూడా దాని మాటే మాట్లాడేవాడు. అంతలో మా గిడ్డావు చచ్చింది. పుంగనూరు జాతి ఆవు. నా నడుము ఎత్తు కూడా ఉండేది కాదు. ఈత కష్టమై, దూడా దక్కలేదు, ఆవూ దక్కలేదు. అవ్వ రెండు రోజులు పెరుగు ముట్టలేదు.

బండ పెద్దాయన ఆవును తీసుకుపోయి తోలు తీశాడు. అప్పటికే పొద్దు వాలింది, రాబందులు ఇక దిగవు. ఆయన ఇంటికి పోయాక మా నాయన నన్ను దొడ్లోకి పిలిచాడు. చేతిలో ఎండ్రిన్ డబ్బా ఉంది, చెనిక్కాయ చేలో గొంగళిపురుగుకు తెచ్చింది.

"తోడేలు రేత్రి తింటాది. రాబందు పగలు తింటాది. ఇద్దరి పొద్దు వేరు" అన్నాడు. "నేను ఇప్పుడు పోయి ఈ మందు పోసొస్తా. తెల్లారక ముందే నువ్వు పోయి ఆవు మీద కంపలు కప్పు. ముండ్లుంటే రాబందు దిగదు, రెక్క సిక్కుకుంటాదని దానికి బయం. మద్దేనం నేనొచ్చి పూడ్సేస్తా. ఎవరికీ సెప్పొద్దు."

బండ మీద విషం పెట్టకూడదని ఊళ్లో కట్టడి. ఆ దారిన కాపరుల కుక్కలు తిరుగుతాయి. అందుకే ఎవరికీ చెప్పొద్దన్నాడు. మా నాయనకు రాబందులను చంపే ఉద్దేశం లేదు. వాటి సంగతి ఆలోచించే తుమ్మకంపలు ముందే కొట్టి బండ పక్కన కుప్పేసి వచ్చాడు. అది రాయాలి. ఎండ్రిన్ డబ్బా మా ఇంటిది. అదీ రాయాలి.

నేను చీకటితోనే లేచాను. అవ్వ దుప్పటి తీసి నా తలకు చుట్టింది. పొలాల మీద మంచు దట్టంగా ఉంది. సగం దారిలో ఒక చేలో మంట కనిపించింది. చెనిక్కాయ వామికి కాపలా ఉన్న బండ పెద్దాయన కొడుకు చెనిక్కట్టె రాజేసి అందులో అనపకాయలు కాలుస్తున్నాడు. నా ఈడువాడు.

"రా, సేతులు కాంచుకో" అన్నాడు.

"లేదు, బండ కాడికి పోవల్ల."

"బండ కాడ ఏముండాది? తోలు నిన్ననే తీసె గదా మా నాయన."

"ఊరికే. పోవల్ల."

"పోదువులే. ఎండ పడందే అల్లుళ్లు లేస్తారా? మీ అవ్వనే అంటాది గదా. కూసో."

కూర్చున్నాను. కాలిన అనపకాయ తొక్క నల్లబడి, లోపల గింజ పచ్చగా, ఉప్పు వేయకున్నా ఉప్పగా ఉంటుంది. మా ఇంట్లో అతను వాకిలి దాటి రాకూడదు, అతని చేతిది నేను తినకూడదు. మంట దగ్గర ఇద్దరి చేతులూ ఒకే బూడిదలో ఉన్నాయి. మూతులు నల్లబడితే ఒకర్ని చూసి ఒకరం నవ్వుకున్నాం. ఇంకో గుప్పెడు, ఇంకో గుప్పెడు. మంచు పలచబడింది కూడా గమనించలేదు.

నెత్తిమీద చాప దులిపిన చప్పుడు వినిపించింది.

ఎలా పరుగెత్తానో తెలియదు. నేను పోయేసరికి ఆవు కనిపించలేదు, దాని మీద రెక్కలే కనిపించాయి. అరిచాను. రాళ్లు వేశాను. కంప ఒకటి ఎత్తి తిప్పుకుంటూ మధ్యలోకి దూరాను. అవి నాలుగడుగులు ఎగిరి పక్కన వాలి, నా వైపు చూసి, మళ్లీ వచ్చాయి. నేను వాటి భోజనానికి అడ్డుపడుతున్నాననే అనుకుని ఉంటాయి. చివరకు అవి కడుపు నిండి బరువుగా లేచిపోయాక, అరచేతులు చీరుకుపోతుంటే, కంపలన్నీ తెచ్చి ఆవు మీద కప్పాను.

ఇంటికి పోగానే మా నాయన అడిగాడు. "కప్పినావా?"

"కప్పినా."

ఎప్పుడు కప్పానో అడగలేదు. నా చేతుల గీరలు చూసి, అవ్వతో పసుపు పెట్టించాడు. మధ్యాహ్నం పోయి ఆవును పూడ్చి వచ్చాడు; తిన్నది తోడేలే అనుకున్నట్టున్నాడు.

మరుసటి రోజు గుట్ట కింద వంకలో మొదటి రాబందు కనిపించింది. రెక్కలు రెండూ పరిచి, మెడ నీళ్లలో పెట్టి పడి ఉంది. తర్వాత ఒక్కొక్కటే. నేను లెక్కపెట్టినవి పదకొండు. రెండు కుక్కలు కూడా చచ్చాయి. తోడేలు మాత్రం ఆ ఆవు దగ్గరికే రాలేదు; వారం తిరక్కుండా ఇంకో పిల్లను ఎత్తుకుపోయింది.

మా నాయన సాయంత్రం వంక దాకా పోయి వచ్చాడు. నన్ను దొడ్లోకి పిలిచి, మెల్లగా అడిగాడు. "ఎప్పుడు కప్పినావు?" నేను ఏడ్చాను. కొట్టలేదు. "నోరెత్తొద్దు. నేనూ ఎత్తను" అన్నాడు. కొట్టి ఉంటే, ఆ చప్పుడుకు ఎవరో ఒకరు వచ్చి ఎందుకని అడిగి ఉండేవాళ్లు. అప్పుడైనా నిజం బయటపడేదేమో.

చావడి దగ్గర ఊరు కూడింది. ఎవరు మొదట అన్నారో గుర్తులేదు కానీ, అన్న వెంటనే అందరికీ అది ముందే తెలిసినట్టు అయిపోయింది. తోలు కోసం ఆవుకు విషం పెట్టాడు, ఆవును తిని పక్షులు చచ్చాయి. మా ఆవు ఈత కష్టమై చచ్చిందని ఊరికంతా తెలుసు. అయినా ఎవరికీ అడ్డు రాలేదు.

బండ పెద్దాయన చేతులు కట్టుకుని కింద నిలబడి ఉన్నాడు. ఆయన గట్టిగా కూడా మాట్లాడలేదు. "ఇసం నాకు యాడిదప్పా? మందు డబ్బా కొనేదానికి నాకు సేను యాడుండాది? పురుగు పట్టేదానికి నాకు పైరు యాడుండాది?" అన్నాడు.

ఇంత సూటి ప్రశ్న ఆ చావడిలో అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. జవాబు తెలిసిన మనిషి పెద్దల వరసలోనే కూర్చుని ఉన్నాడు. మా నాయన తల వంచుకుని చెప్పు వారు సరిచేసుకుంటున్నాడు. చాలాసేపు సరిచేసుకున్నాడు. నేను స్తంభం వెనక ఉన్నాను. బండ పెద్దాయన కొడుకు కళ్లు నా మీద ఉన్నాయి. నేను స్తంభం సున్నం గోటితో గీకుతూ నిలబడ్డాను.

ఆయన్ను ఇక ఆ బండ మొహం చూడొద్దన్నారు. రెండు రోజుల తర్వాత ఆ ఇల్లు మొత్తం కుప్పం బస్సు ఎక్కింది. ఆయన భార్య తరఫువాళ్లు అక్కడ రాళ్లు కొట్టే పనిలో ఉండేవాళ్లు.

ఆ తర్వాత ఊళ్లో మొదట చచ్చింది ఒక ఎద్దు. దాన్ని ఎవరు ఈడ్చాలో తేలక, చివరికి నలుగురు మూతులకు గుడ్డలు కట్టుకుని ఈడ్చారు. బండ మీద తొమ్మిది రోజులు ఉంది. అవ్వ తన మంచం ఇంటికి తూర్పు వైపు మార్చుకుంది. "అల్లుళ్లు అలిగినారు" అనింది. మిగిలిన రాబందులు ఒకటి రెండేళ్లు ఎత్తున తిరిగాయి. తర్వాత అవీ లేవు. గుట్ట మీది తెల్లచారలు వాన వానకీ మాసి, నేను కాలేజీకి పోయే నాటికి బండ రంగులో కలిసిపోయాయి.

రాబందులు దేశమంతటా పోయాయనీ, ఆ ఇంజక్షనే కారణమనీ చాలా కాలం తర్వాత ఒక పత్రికలో చదివాను. చదవగానే గుండె తేలికైంది. ఆ తేలిక చూసి నాకే అసహ్యం వేసింది. దేశం సంగతి వేరు. మా వంకలో నేను లెక్కపెట్టిన పదకొండు వేరు. ఇక ఆ ఇంటివాళ్ల పేరు మీద పడ్డ మచ్చకు ఏ ఇంజక్షనూ కారణం కాదు.

మీటింగు అయిన మూడో రోజు కుప్పం పోయాను. మదనపల్లెలో ఎక్కి, పుంగనూరు, పలమనేరు మీదుగా. దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. బండ పెద్దాయన కొడుకు ఇప్పుడు అక్కడ బడిలో అయ్యవారు. వీధిలో "సార్ ఇల్లు" అంటే చిన్నపిల్ల తీసుకుపోయి చూపించింది. గోడ మీద బండ పెద్దాయన ఫోటో, బంతిపూల దండ. ఆయన పోయి ఆరేళ్లయిందట.

"ఏమప్పా, ఇంత దూరం వస్తివి" అన్నాడు. కాఫీ ఇచ్చాడు. నేను మొత్తం చెప్పాను. డబ్బా, కంపలు, మంట, చావడి, మొన్నటి మీటింగు.

"మంట కాడ నువ్వు బండ కాడికి పోవల్లని మూడు తూర్లు అన్నావు" అన్నాడు. "రెండు తూర్లు అంటే నువ్వు మరిసిపోయింటావు. మూడు. పోదువులే, ఇంగో గుప్పెడు కాలతాండాయి అని సెయ్యి పట్టి కూసోబెట్టింది నేను."

ఇన్నేళ్లూ ఆ మంట దగ్గర నేనొక్కణ్ణే ఉన్నట్టు బతికాను.

"బస్సులో మా నాయనకు సెప్పినా. నువ్వు బండ కాడికి యాల పోతాంటివో అప్పుడర్తమాయె ఆయనకు. 'సెప్పి ఏం జేస్తాం, మన మాట ఆడ నిలస్తాదా' అనె. మళ్లా ఆ మాటెత్తలే. పోయే ముందర మాత్రం అడిగె, ఆడ ఇంగా దొరలు దిగతాండారా అని. దిగతాండారు అని సెప్పినా."

నేను కూర్చుకున్న మాటలు తీయబోయాను. తప్పయిపోయింది, మన్నించు అని. ఆయన చెయ్యి ఎత్తాడు.

"నాకు సెప్పొద్దప్పా. మా నాయన సంపలేదని నాకు తెలీదా? తెలీనోళ్లు ఆ ఊర్లో ఉండారు. యాడ అన్నారో ఆడ సెప్పు."

లేచేముందు వాళ్ల ఇంటిపేరు అడిగాను. నలభై ఏళ్లు ఆ మనిషి పేరు నోట్లో ఉంది, ఇంటిపేరు ఉంటుందని కూడా తోచలేదు. కాగితం మీద అచ్చు అక్షరాల్లా రాసి ఇచ్చాడు. "గారు అని నువ్వే పెట్టుకో. అది నేను రాస్తే బాగుండదు" అన్నాడు. నవ్వలేదు.

మరుసటి పొద్దున పాల కేంద్రం దగ్గర చెప్పాను. చావడి కూలిపోయింది, ఊరు కూడేది ఇప్పుడు అక్కడే. క్యాన్లు పట్టుకుని ముప్పై మంది దాకా ఉన్నారు. నేను చెబుతుంటే పాలు కొలిచే పిల్లాడు కొలవడం ఆపేశాడు.

పాత సర్పంచి గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు యాల తవ్వుతావప్పా? మీ నాయనా పాయ, వాడూ పాయ."

"వాడు కాదు. ఆయన" అన్నాను.

"అయితే అనపకాయలు సంపినాయి అనాల" అని వెనక ఎవరో నవ్వారు. ఎవరూ కలిసి నవ్వలేదు. నాకంటే పెద్దావిడ ఒకామె క్యాన్ కింద పెట్టి, "ఆ పొద్దు మా నాయన గూడా చావట్లో ఉండె. ఆయనకూ తెలుసు, ఆవు ఈత కాడ సచ్చిందని" అని, పాలు పోయకుండానే వెళ్లిపోయింది.

నోటుపుస్తకం అమ్మాయికి ఫోన్ చేశాను. విని, "ఆ వాక్యం కొట్టేస్తాను సార్. దాని బదులు ఏం రాయమంటారు? మీ పేరు రాయొచ్చా?" అంది. రాయమన్నాను. బండ పెద్దాయన పేరు ఇంటిపేరుతో, గారుతో రాయించి, నాకు తిరిగి చదివి వినిపించమన్నాను. కాకిని తెల్లది చూస్తుందనీ, తెల్లదాన్ని పెద్దది చూస్తుందనీ మా ఊరి పిల్లలకు నేర్పింది ఆయనేనని కూడా రాసుకోమన్నాను.

పోయిన వారం మా ఎదురింటి ఆవు చచ్చింది. చచ్చే ముందు నాలుగు రోజులు దానికి ఆ ఇంజక్షనే వేయించారు. పూడ్చడానికి జేసీబీ మరుసటి మధ్యాహ్నానికి గానీ దొరకదన్నారు. సాయంత్రం ట్రాక్టరుతో పరుపు బండ మీదికి చేర్చారు. నేను తుమ్మకంపలు కొట్టి కప్పి వచ్చాను. రాత్రి కుక్కలు లాగేస్తాయని తెలుసు కాబట్టి, చీకటితోనే లేచి మళ్లీ పోయాను. దారిలో ఎవరో మంట వేసుకుని ఉన్నారు. "రాప్పా, సలి కాంచుకో" అని పిలిచారు. అనపకాయలు కాలుతున్న వాసన వచ్చింది. ఆగలేదు.

కుక్కలు లాగేసే ఉన్నాయి. మళ్లీ కప్పాను. పక్కనే రాయి మీద కూర్చున్నాను. మంచు పోయి ఎండ పడింది. ముందర కాకి వచ్చింది. తర్వాత, గుట్ట మీది నుంచి, ఒక్కటే తెల్లది. బండ చుట్టూ రెండుసార్లు తిరిగి, తల వంచి కంపలను చూసింది. అది తిరిగి గుట్ట మీద వాలేదాకా లేవకుండా కూర్చున్నాను.